కరువులో లేచిన గోపురము: పాస్నెట్ దొరగారి జీవితము

కోస్తా వారికి తుఫాను ఎటువంటిదో మన మెతుకుసీమ వారికి కరువు అటువంటిది. తుఫాను ఒక్క రాత్రిలో ఇండ్లను కూలుస్తుంది; కరువు నెలల తరబడి మనుష్యులను కూలుస్తుంది. పడిపోయిన ఊరు మరల లేవవలసి వచ్చినప్పుడు దాని ముందు నిలిచే ప్రశ్న మాత్రము ఒక్కటే: చేయి చాచుటయా, చేతులు కలుపుటయా? మెదక్ మహాదేవాలయమునకు 2024 క్రిస్మసు నాటికి నూరేండ్లు నిండిన సందర్భములో, ఈ ప్రశ్నకు తన బ్రతుకుతో జవాబు చెప్పిన రెవ. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారిని స్మరించుకొనుట మనకు తగియున్నది.

పాస్నెట్ దొరగారు 1870లో జన్మించారు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా 1895లో సికిందరాబాదు చేరి, మొదట తిరుమలగిరిలో ఆంగ్ల సిపాయిల మధ్య సేవ చేశారు. ఆ పనిలో ఆయన మనస్సు నిలువలేదు. పల్లెలు పిలిచినట్లయి, 1896లో గుఱ్ఱముపై మెదక్ చేరుకొన్నారు. అప్పటికి అక్కడ విశ్వాసులు కొద్దిమందే. నిజాము రాజ్యములోని ఆ పల్లెలలో మాల మాదిగ కుటుంబములు కరువు వస్తే మొదట పస్తులుండేవి. పని దొరికితే చివర పిలువబడేవి.

దేవాలయ నిర్మాణము 1914లో ఆరంభమైనది. అదే ఏట మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. 1918లో వానలు తప్పినవి. వెంటనే విషజ్వరము దేశమంతటిని ఊడ్చినది. ఆకలితో వచ్చిన వారికి దొరగారు ఊరక గంజి పోసి పంపలేదు. పని చూపించి, ఆ పనికి అన్నము పెట్టారు. కొందరు రాళ్లు కొట్టారు, కొందరు మోశారు, కొందరు సున్నము కలిపారు. నేలపై పరచిన రంగుల పలకలు, కిటికీల అద్దములు సీమనుండి వచ్చిన మాట నిజమే. అయితే ఆ బరువంతా మోయుచున్నది మన ప్రాంతపు రాయి, మన వారి చేతులు. పదేండ్ల తరువాత 1924 డిసెంబరు 25న దేవాలయము ప్రతిష్ఠింపబడినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు సుమారు 175 అడుగులు.

గంజికి కలిసినవారని మన పెద్దలను ఎగతాళి చేసినవారున్నారు. ఆ మాట మేమును చిన్నతనమున విన్నాము. అన్నము లేని దినములలో అంత గొప్ప కట్టడము ఎందుకని అడిగినవారును ఉన్నారు. రెండింటికిని ఆ రాళ్లే సమాధానము. మన ముత్తాతలు తిన్నది భిక్షాన్నము కాదు, కూలి అన్నము. యెరూషలేము గోడను నెహెమ్యా ఒక్కడే కట్టలేదు. ఎవరి ఇంటి యెదుట వారు బాగుచేసికొన్నారు. మెదక్‌లో జరిగినదియు అదే.

దొరగారు 1939లో సేవ విరమించి, 1950లో ప్రభువునందు నిద్రించారు. ఆయన పేరు వినని మన జహీరాబాదు పల్లెలలో కూడ ఆ పాఠము మరల పలికినది. 1980ల నుండి పస్తాపూరు చుట్టుపట్ల పేద స్త్రీలు సంఘములుగా కూడి, పడావు పడిన ఎఱ్ఱనేలలను దున్ని, జొన్న, కొఱ్ఱ, సామ విత్తనములను తమ ఇండ్లలోనే దాచుకొని, పంట నష్టపోయినవారికి ఇచ్చుకొనుచున్నారు.

కనుక ప్రియులారా, కష్టము వచ్చిన దినమున బయటి సాయమును కృతజ్ఞతతో అందుకొందము. కాని మొదట మన గుమ్మిలో ఏమున్నది, మన ప్రక్కవాని చేతిలో ఏ పని ఉన్నదని చూచుకొందము. మెదక్ వెళ్లినప్పుడు గోపురమును తలయెత్తి చూచి ఊరుకొనక, ఆ స్తంభములపై ఒకసారి చేయి ఉంచి చూడుడి. అవి మన వారు ఎత్తినవి.