గీతకూ సమీకరణానికీ చుట్టరికం కలిపిన డెకార్టె

(మా గ్రామీణ విలేకరి)

పదో తరగతి లెక్కల పుస్తకంలో బహుపదుల పాఠం తెరిస్తే గళ్ల కాగితం మీద వంపులు తిరిగిన గీతలు కనిపిస్తాయి. ఎక్స్‌కు విలువలిచ్చి, వై విలువలు కట్టి, పట్టిక వేసి, చుక్కలు పెట్టి కలిపితే గీత వస్తుంది. మార్కులూ వస్తాయి. అయితే అక్షరాలతో రాసిన సమీకరణానికీ, కాగితం మీది గీతకూ ఈ చుట్టరికం ఎక్కడిదని అడిగే విద్యార్థులు తక్కువ. ఆ చుట్టరికం కలిపిన వారిలో ముఖ్యులు ఫ్రెంచి గణితవేత్త, తత్త్వవేత్త రెనె డెకార్టె. మార్చి 31 ఆయన జయంతి.

తల్లి లేని బాల్యం

డెకార్టె 1596లో ఫ్రాన్సు దేశం టూరేన్ ప్రాంతంలోని లా హే అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి బ్రిటనీ న్యాయస్థానంలో సభ్యులు. మరుసటి ఏడే తల్లి కన్నుమూయగా అమ్మమ్మ ఇంట పెరిగారు. పుట్టుకతోనే బలహీనుడు. జెసూట్ పాదరీలు లా ఫ్లెష్‌లో నడిపే పాఠశాలలో చేరినప్పుడు, ఆరోగ్యం దృష్ట్యా ఉదయం ఆలస్యంగా లేచేందుకు ఆయనకు అనుమతి ఇచ్చారు. మంచం మీద పడుకునే ఆలోచించే అలవాటు అక్కడ మొదలై జీవితాంతం నిలిచింది.

చదివిన శాస్త్రాలన్నిటిలో గణితం ఒక్కటే ఆయనకు గట్టి పునాది ఉన్నదిగా తోచింది. 1616లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నా వకీలు వృత్తి చేపట్టలేదు. 1618లో హాలెండు వెళ్లి సైన్యంలో చేరారు. ఆ ఏడు నవంబరు 10న బ్రెడా పట్టణంలో ఇజాక్ బీక్‌మన్ అనే పండితునితో పరిచయమయింది. ఆ స్నేహమే ఆయనను మళ్లీ లెక్కల వైపు తిప్పింది. సరిగ్గా ఏడాదికి, 1619 నవంబరు 10 రాత్రి, జర్మనీలో వెచ్చని గదిలో పడుకున్న డెకార్టెకు వరుసగా మూడు కలలు వచ్చాయి. అన్ని శాస్త్రాలకూ ఒకే పద్ధతి కనిపెట్టడం తన పని అని అప్పుడే నిశ్చయించుకున్నారు.

చిక్కు ఎక్కడ ఉంది?

ఆనాటి చిక్కు తెలుసుకుంటే గానీ ఆయన చేసిన మేలు తెలియదు. పది గజాల పొడవును పది గజాల వెడల్పుతో గుణిస్తే వంద చదరపు గజాల స్థలం వస్తుంది. దాన్ని ఎత్తుతో గుణిస్తే గది ఘనపరిమాణం వస్తుంది. గ్రీకుల కాలం నుంచి పండితులు ఇలాగే లెక్కించారు. వర్గమంటే స్థలం, ఘనమంటే దిమ్మె. మరి నాలుగో ఘాతం అంటే ఏమిటి? చూపించడానికి వస్తువు లేదు. స్థలాన్ని దిమ్మెతో కూడటమూ కుదరదు. అందువల్ల ఘనమూ వర్గమూ కలిసిన బహుపదిని ఒకే గీతగా చూడడం సాధ్యం కాలేదు.

ఈ ముడిని డెకార్టె సులువుగా విప్పారు. ఒక కొలతను ఒకటి అని పెట్టుకోవాలన్నారు. ఒకటికి ఎక్స్ ఎంతో, ఎక్స్‌కు దాని వర్గం అంత. సరూప త్రిభుజాలు గీస్తే ఆ వర్గం కూడా ఒక మామూలు గీత పొడవుగానే దొరుకుతుంది. అదే తీరున ఘనం, నాలుగో ఘాతం, అయిదో ఘాతం అన్నీ పొడవులే. పొడవును పొడవుతో కూడవచ్చు, తీసివేయవచ్చు. బహుపది విలువను అడ్డగీత మీద నిలువుగా నిలబెట్టడానికి దారి ఇక్కడే పడింది.

1637 నాటి పుస్తకం

1628 నుంచి డెకార్టె హాలెండులో స్థిరపడి, ఇళ్లు మారుస్తూ ఇరవై ఏళ్లు గడిపారు. 1633లో భూమి తిరుగుతుందన్నందుకు గెలీలియోను రోమ్‌లో శిక్షించారని విని, తాను రాసిన ప్రపంచ స్వరూప గ్రంథాన్ని అచ్చు వేయకుండా ఆపుకున్నారు. 1637లో లైడెన్ నగరంలో పద్ధతి గురించిన గ్రంథం వెలువడింది. దాని మీద రచయిత పేరు లేదు. పండితుల లాటిన్‌లో గాక ఫ్రెంచిలో రాసిన ఆ గ్రంథానికి అనుబంధంగా వంద పుటలు దాటిన జ్యామితి భాగం ఉంది.

తెలియని రాశులకు ఎక్స్, వై, జడ్ అనే చివరి అక్షరాలు, తెలిసిన వాటికి ఎ, బి, సి అనే మొదటి అక్షరాలు వాడడం, ఘాతాన్ని అక్షరం తలపై చిన్న అంకెగా వేయడం ఈ పుస్తకంతోనే స్థిరపడ్డాయి.

ధన మూలాలు ఎన్ని ఉండవచ్చో గుర్తుల మార్పును బట్టి చెప్పే నియమం కూడా ఇందులోదే. ఆయన తీసుకున్న ఉదాహరణ ఇది. ఎక్స్ నాలుగో ఘాతంలోంచి 4 ఎక్స్ ఘనాలు, 19 ఎక్స్ వర్గాలు తీసివేసి, 106 ఎక్స్‌లు కలిపి, 120 తీసివేస్తే సున్న రావాలి. గుర్తులు వరుసగా ప్లస్, మైనస్, మైనస్, ప్లస్, మైనస్. మూడుసార్లు మారాయి గనుక ధన మూలాలు మూడింటికి మించవు. ఇక్కడ 2, 3, 4 అనే మూడూ ఉన్నాయి. నాలుగో మూలం మైనస్ 5. గీత గీస్తే సరిగ్గా ఈ నాలుగు చోట్లనే అడ్డగీతను దాటుతుంది. నాలుగో ఘాతపు బహుపదికి నాలుగు కంటే ఎక్కువ మూలాలు ఉండవు గనుక గీత అంతకు మించి దాటదు.

నేడు బడిలో వేసే రెండు అక్షాల గ్రాఫు యథాతథంగా ఆ పుస్తకంలో లేదు. ఋణ విలువల వైపు కూడా గీత సాగించి మూడో ఘాతపు వక్రాలను 72 రకాలుగా విడదీసి 1704లో ప్రకటించినవారు న్యూటన్. టూలూజ్‌లో న్యాయాధికారిగా ఉన్న ఫెర్మా కూడా డెకార్టె కాలంలోనే స్వతంత్రంగా ఇదే దారి కనుగొన్నారు. ఆయన రాత 1679 దాకా అచ్చు కాకపోవడంతో పేరు డెకార్టెకు దక్కింది. పైకప్పు మీద ఈగను చూసి నిరూపకాలు కనిపెట్టారని చెప్పే కథకు డెకార్టె రాతల్లో ఆధారం లేదు.

కడుపుకోత, కడపటి ప్రయాణం

డెకార్టె పెళ్లి చేసుకోలేదు. హెలెనా అనే పనిమనిషి వల్ల 1635లో ఫ్రాన్సీన్ అనే కుమార్తె కలిగింది. అయిదేళ్లకే, 1640లో, ఆ బిడ్డ జ్వరంతో పోయింది. అదే ఏడు తండ్రీ పోయారు. మరుసటి ఏడు తత్త్వశాస్త్రంలో ఆయన ప్రధాన గ్రంథం వెలువడింది. అన్నిటినీ శంకించినా, శంకించే తాను ఉన్నానన్నది శంకించలేమని ఆయన స్థాపించిన సిద్ధాంతం ఐరోపా ఆలోచననే మార్చివేసింది.

1649లో స్వీడన్ రాణి క్రిస్టినా ఆయనను పిలిపించుకున్నారు. రాణికి 22 ఏళ్లు. తెల్లవారుజామున అయిదు గంటలకు పాఠం చెప్పాలని ఆజ్ఞ. పొద్దెక్కి లేచే అలవాటున్న మనిషి, మంచు గడ్డకట్టే చలికాలంలో చీకటితో లేచి రాజభవనానికి వెళ్లవలసి వచ్చింది. ఊపిరితిత్తులకు జబ్బు చేసి 1650 ఫిబ్రవరి 11న స్టాక్‌హోంలో మరణించారు. వయస్సు 53. 1663లో రోమన్ చర్చి ఆయన గ్రంథాలను నిషిద్ధ జాబితాలో చేర్చింది. అస్థికలను తరువాత పారిస్ చేర్చారు. పుట్టిన ఊరికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

జ్యామితి భాగం మాత్రం ఆగలేదు. 1649లోనే లాటిన్‌లోకి వెళ్లింది. కేంబ్రిడ్జిలో విద్యార్థిగా న్యూటన్ చదివినది ఆ లాటిన్ అనువాదమే.

మన బడుల్లో గ్రాఫు వేసే పిల్లలు ఒక్క చిన్న లెక్క చేసి చూడవచ్చు. ఎక్స్ ఘనంలోంచి 4 ఎక్స్‌లు తీసివేసి వై అనుకోవాలి. మైనస్ 2, సున్న, 2 వద్ద వై సున్న. మైనస్ 1 వద్ద 3, 1 వద్ద మైనస్ 3, 3 వద్ద 15. చుక్కలు కలిపితే గీత మూడుచోట్ల అడ్డగీతను దాటి, రెండు మలుపులు తిరుగుతుంది. దాటిన చోట్లే సమీకరణానికి జవాబులు. పట్టిక బట్టీ పట్టేవారికి ఇది మార్కుల లెక్క. ఎందుకు దాటిందని అడిగేవారికి డెకార్టె చూపిన దారి.