జేబీఎల్ అనేది ఒగ మనిషి పేరు

ఓడీ చెరువులో వినాయకుని నిమజ్జనం చూసినోళ్ళకు కొత్తగా చెప్పే పని లేదు. ట్రాక్టరు ట్రాలీ మీద బాక్సులు ఒగదాని మీద ఒగటి పేర్చింటారు, వెనకాల జనరేటరు బుసలు కొడతా ఉంటాది. బాక్సుల జాలీల మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు: జే, బీ, ఎల్. కొన్నిటి మీద అది నిజం, శానా వాటి మీద ఉత్త స్టిక్కరు. పెండ్లి ఊరేగింపులో అదే, జాతరలో అదే, ఆటోలో అదే. చెనిక్కాయ చేన్లో కలుపు తీసేటప్పుడు గట్టు మీద పెట్టుకునే చిన్న బ్లూటూత్ డబ్బా మీద కూడా అదే. ఆ అక్షరాలు ఏందిరా అని మన పిలగాండ్లను అడిగితే కంపెనీ అంటారు. కంపెనీనే, కాదని ఎవరన్నారు. కానీ కంపెనీ కంటే ముందర అది ఒగ మనిషి. జేమ్స్ బుల్లో లాన్సింగ్. 47 ఏండ్లకే పోయినాడు, అదీ అప్పుల్లో. అప్పులంటే ఏందో మన అనంతపురం సీమ వాళ్ళకు ఇంగొగరు చెప్పాల్నా?

ఈయప్ప గురించి నేను వెతికేకి కారణం మా చిన్నాయన కొడుకు. పోయినేడు వాడు కంతుల మీద ఒగ జత పెద్ద స్పీకర్లు, ఒగ ఆంప్లిఫయరు తెచ్చి హాల్లో పెట్టినాడు. నెల తిరక్కముందే ఒగ స్పీకర్లో సన్న సౌండు ఇచ్చే ట్వీటరు మాడిపోయింది. వాట్లు ఎక్కువై కాలిందని వాడి లెక్క. కాదు, వాట్లు తక్కువై కాలింది. అదెట్లో తర్వాత చెప్తా. ముందు మనిషి కథ.

1902 జనవరి 14న అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో పుట్టినాడు. అప్పుటి పేరు జేమ్స్ మార్టిని. నాయనది బొగ్గు గనుల పని. పద్నాలుగు మంది పిల్లల్లో ఈయప్ప తొమ్మిదోవాడు. చిన్నప్పుడు కొన్నాళ్ళు బుల్లో అనే కుటుంబం ఇంట్లో పెరిగినాడు, పేరు మధ్యలో ఉండే ఆ ముక్క అక్కడిదే. పదేండ్లప్పుడు గాజు సీసాలో కరెంటు నిలవ చేసే లేడెన్ జార్ తయారుచేసి, తోటి పిల్లలకు షాకు కొట్టించి నవ్వేవాడంట. పన్నెండేండ్లకు సొంతంగా ఒగ చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టినాడు. దాని సిగ్నలు నేవీ వాళ్ళకు దొరికి, యాడ నుంచి వస్తాందా అని ఎతుక్కుంటా వచ్చి దాన్ని ఊడబీకించినారని చెప్తారు. మన ఊర్లల్లో కూడా ఉంటారు ఇట్లాంటోళ్ళు. పాత రేడియో ఇప్పినందుకు నాయనతో తన్నులు తినే రకం.

పెద్ద ఇంజనీరింగు కాలేజీ చదువేం లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఊర్లో కార్ల దుకాణంలో మెకానిక్కు పని చేసినాడు. 1924లో అమ్మ చనిపోయింది. ఆ తర్వాత ఇల్లు వదిలి పడమర దిక్కు పోయినాడు. సాల్ట్ లేక్ సిటీలో రేడియో స్టేషన్లో పని దొరికింది. అక్కడే ఇద్దరు మనుషులు దొరికినారు. ఒగరు గ్లెన్నా, పెండ్లాం అయింది. ఇంగొగరు కెన్ డెకర్, వ్యాపారంలో జతగాడు అయినాడు. ఈ డెకర్‌ను గుర్తుపెట్టుకోండి.

1927 మార్చిలో ఇద్దరూ లాస్ ఏంజిల్స్‌లో లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టినారు. పేరు మార్టిని నుంచి లాన్సింగ్‌కు మారింది కూడా అప్పుడే. ఇంటి రేడియోలకు 6 అంగుళాలు, 8 అంగుళాల స్పీకర్లు చేసేవాళ్ళు. లాన్సింగ్ పని చేతి పని. తీగ చుట్టాలంటే పోగు పక్కన పోగు సందు లేకుండా కూర్చోవాల్సిందే. డెకర్‌ది లెక్కల పని: సరుకు, జీతాలు, బ్యాంకు, బాకీలు. పన్నెండేండ్లు ఇట్లనే నడిచింది.

అప్పుడే సినిమా మాట్లాడ్డం నేర్చుకుంటాంది. మన తెలుగులో 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. హాలీవుడ్లో అంతకు ముందే టాకీలు వచ్చినా, హాల్లో ఆ సౌండు వినేకి బాగుండేది కాదు. ఎంజీఎం స్టూడియో సౌండు విభాగానికి పెద్ద డగ్లస్ షియరర్. ఆయనా, జాన్ హిల్లియర్డ్ అనే ఇంజనీరూ కలిసి మనమే కొత్తది చేద్దామనుకున్నారు. లోపల ఉండే డ్రైవర్లు చేసే పని లాన్సింగ్‌కు వచ్చింది.

ఇక్కడ రవంత ఓపిక పట్టండి, అసలు సంగతి ఉండాది. డోలు కొట్టే మనిషి చేతికి సన్నాయి ఇస్తే ఎట్ల ఉంటాది? స్పీకరూ అంతే. లావు సౌండుకు పెద్ద కాగితం కోను కావాల, అది గాలిని బలంగా నెట్టాల. సన్న సౌండుకు తేలికైన చిన్న రేకు కావాల, అది సెకనుకు వేలసార్లు అదరాల. రెండు పనులూ ఒగదానికే ఇస్తే రెండూ చెడతాయి. అందుకే రెండింటికీ పంచిచ్చినారు. మరి రెండూ వేరే వేరే చోట్ల ఉంటే? అంతకు ముందు వాడే పెద్ద సిస్టంలో బేసు సౌండు హారన్ మడతల్లో తిరిగి తిరిగి బయటికి వచ్చేది. సన్న సౌండు నేరుగా వచ్చేది. దావలో తేడా 8 అడుగులు. సౌండు సెకనుకు దగ్గర దగ్గర 340 మీటర్లు పోతాది. ఆ లెక్కన సెకనును వెయ్యి ముక్కలు చేస్తే 7 ముక్కల ఆలస్యం. ఇంత చిన్నదాన్ని చెవి పట్టుకోదనుకుంటాం. కానీ తెర మీద డ్యాన్సు చేసే ఆమె బూటు ఒగసారి కొడితే హాల్లో రెండుసార్లు వినపడింది. అట్ల దొరికింది తప్పు. కొత్త దాంట్లో రెండు దావలూ దగ్గరకు తెచ్చినారు. మన డీజే బాక్సులు అడ్డదిడ్డంగా, ఒగటి ముందుకూ ఒగటి వెనక్కూ పేర్చినప్పుడు పాట మాట తెలియకుండా పోతాది గదా, దాంట్లో సగం రోగం ఇదే. వాట్లు పెంచితే అది పోదు.

ఆ షియరర్ హారన్‌కు 1936 సంవత్సరానికి అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు మీద పేరు షియరర్‌ది, స్టూడియో సౌండు విభాగానిది. డ్రైవర్లు చేసిచ్చినోని పేరు లేదు. చేతి పని చేసేవాళ్ళకు ఇది యాడైనా ఉండేదే.

1937లో అదే పద్ధతిని చిన్నది చేసి ఐకానిక్ అనే స్పీకరు తీసినాడు. కింద 15 అంగుళాల కోను, పైన చిన్న హారన్. హాలుకు కాదు, గదికి. ఈ పొద్దు ఇంట్లో లక్షలు పోసి పెట్టుకునే స్పీకర్లకు తాత వరసలో వచ్చేవాటిల్లో ఇదొగటి. అప్పట్లో స్పీకరుకు కరెంటు రెండు విధాలుగా కావాల్సి వచ్చేది. పాటకు ఒగటి, అయస్కాంతానికి ఒగటి. గట్టి అయస్కాంతాలు ఇంగా రాలేదు గాబట్టి తీగ చుట్టలోకి విడిగా కరెంటు పంపి, దాన్నే అయస్కాంతంగా చేసేవాళ్ళు. ఆంప్లిఫయర్లు గాజు వాల్వులవి, పది ఇరవై వాట్లు ఇస్తే గొప్ప. ఆ పది వాట్లతోనే గదంతా నిండాల. ఉన్న కరెంటుతో ఎంత సౌండు పిండుకోవచ్చు అనేదే లాన్సింగ్ బతుకంతా చేసిన లెక్క.

1939లో డెకర్ విమాన ప్రమాదంలో పోయినాడు. అంతే, కంపెనీ ఒగ కాలు విరిగింది. సరుకు మంచిదే, ఆర్డర్లు ఉన్నాయి, కానీ ఎవరికి ఎంత ఇయ్యాల, ఎవరి నుంచి ఎంత రావాల అనేది చూసే మనిషి లేడు. రెండేండ్లలో అప్పులు పైకి వచ్చినాయి. 1941 డిసెంబరు 4న సినిమా హాళ్ళ సౌండు మిషన్లు బాగుచేసే ఆల్టెక్ అనే సంస్థ 50 వేల డాలర్లకు కంపెనీని కొనేసింది. పేరు ఆల్టెక్ లాన్సింగ్ అయింది. సొంతదారు కాస్తా అయిదేండ్ల ఒప్పందం మీద జీతగాడు అయినాడు. పెద్ద పదవి ఇచ్చినారులే. ఆ అయిదేండ్లల్లోనే హాళ్ళ కోసం వాయిస్ ఆఫ్ ది థియేటర్, స్టూడియోల కోసం 604 అనే స్పీకరు వచ్చినాయి. రెండూ తర్వాత దశాబ్దాల పాటు నడిచినాయి.

ఒప్పందం అయిపోగానే 1946లో బయటికి వచ్చి మళ్ళీ సొంత కంపెనీ పెట్టినాడు. నా మాట అడిగితే ఇది తప్పనను. అంత పని చేతిలో ఉండే మనిషి ఇంగొగరి కింద ఎన్నాళ్ళు కూర్చుంటాడు? తప్పు వేరే చోట ఉండాది: డెకర్ లాంటి మనిషిని వెతుక్కోకుండా దిగినాడు. పైగా లాన్సింగ్ అనే పేరు ఆల్టెక్‌కు అమ్ముడుపోయింది. సొంత పేరును బోర్డు మీద రాసుకునేకి కూడా తగాదా. చివరికి జేమ్స్ బి. లాన్సింగ్ సౌండ్ అని పొడుగ్గా పెట్టుకున్నాడు.

ఆ ఇరుకులోనే డీ130 తీసినాడు. 15 అంగుళాల స్పీకరు, దాంట్లో తీగ చుట్ట 4 అంగుళాల వెడల్పు. అంత పెద్ద చుట్ట అప్పుటికి ఎవరూ ఊహించలేదు. గుండ్రటి తీగ కాకుండా చదును అల్యూమినియం రిబ్బన్‌ను అంచు మీద నిలబెట్టి చుట్టినాడు. దాంతో ఉన్న జాగాలో లోహం ఎక్కువ పట్టింది. అయస్కాంతానికి ఇంగ విడిగా కరెంటు లేదు, అల్నికో అనే మిశ్రమ లోహం వాడినాడు. ఫలితం ఏందంటే ఒగ వాటు ఇస్తే మీటరు దూరంలో నూరు డెసిబెల్లు దాటి పలుకుతాది. ఇప్పుడు ఇండ్లల్లో పెట్టుకునే స్పీకర్లు శానా వరకు అదే ఒగ వాటుకు 85, 90 దగ్గర ఉంటాయి. ప్రతి 3 డెసిబెల్లకూ కరెంటు రెండింతలు కావాల. కాబట్టి 85ది 100ది అంత గట్టిగా పలకాలంటే ఒగ వాటు జాగాలో 32 వాట్లు పొయ్యాల.

మా వాని ట్వీటరు ఇప్పుడు అర్థమైతాది. వాడు కొన్న స్పీకర్లు కరెంటు బాగా తాగే రకం, ఆంప్లిఫయరు మాత్రం చిన్నది. దాని డబ్బా మీద వేలల్లో రాసింటాది, అది పీఎంపీవో అనే అమ్మకపు లెక్క, నమ్మద్దండి. ఆర్ఎంఎస్ అని రాసిందే నిజమైన వాట్లకు దగ్గర. గట్టిగా వినాలని గుబ్బ చివరిదాకా తిప్పినాడు. ఆంప్లిఫయరు ఇయ్యగలిగినంత ఇచ్చి, అంతకు మించి ఇయ్యలేక సౌండు అలల తలలు నరికేసింది. గుండ్రంగా ఉండాల్సిన అల చదునైపోయింది. అట్ల నరికిన అలలో లేని సన్న సౌండు పుట్టుకొచ్చి ట్వీటరు మీద పడతాది, వెంట్రుక మాదిరి తీగ కాలిపోతాది. సాయంత్రం ఊర్లో అందరూ మోటార్లు వేసి వోల్టేజీ పడిపోయినప్పుడు అది ఇంగా తొందరగా అయితాది. పెద్ద ఆంప్లిఫయరును సగంలో వాడితే స్పీకరు బతుకుతాది, చిన్నదాన్ని చివరిదాకా లాగితే చస్తాది.

మళ్ళీ లాన్సింగ్ దగ్గరికి. మార్క్వర్ట్ అనే విమాన ఇంజన్ల కంపెనీ కొంత దుడ్డు పెట్టింది, కొన్నాళ్ళకు తప్పుకునింది. అక్కడ డబ్బుల లెక్క చూసే విలియం థామస్ అనే ఆయన మాత్రం లాన్సింగ్‌తో ఉండిపోయినాడు. కానీ ఆలస్యమైంది. 1949 నాటికి సరుకు పంపినోళ్ళకు బాకీలు పేరుకుపోయినాయి. సాన్ మార్కోస్‌లో లాన్సింగ్‌కు ఇల్లుండేది, చుట్టూ అవకాడో తోట. 1949 సెప్టెంబరులో ఆ ఇంట్లోనే తన ప్రాణం తాను తీసుకున్నాడు.

ఆయప్ప మీద 10 వేల డాలర్ల బీమా ఉంటే అది కంపెనీకి వచ్చింది. దాంతో కంపెనీ నిలబడింది అని శానా మంది రాస్తారు. నాకు ఆ మాట మింగుడుపడదు. మన దగ్గర కూడా రైతు పోయినాక పరిహారం చెక్కు పట్టుకోని ఫోటో వస్తాది, చావుతో బాకీ తీరినట్ల మాట్లాడతారు. బీమా దుడ్డు కొన్ని నెలలు నెట్టింది, నిజమే. కంపెనీని నిలబెట్టింది మాత్రం లాన్సింగ్ బతికుండగా చేసిపెట్టిన డీ130, దాని పక్కన కూర్చోని లెక్కలు రాసిన థామస్. ఆ రెండూ ఆ సెప్టెంబరులో కూడా ఉన్నాయి. లాన్సింగ్‌కు కనపళ్ళేదు, అంతే. అప్పు మెడ దాకా వచ్చినప్పుడు పక్కనుండే మనిషి కూడా కనపడడు. ఇది చదివేవాళ్ళల్లో ఎవరికన్నా అట్ల ఉంటే, కాగితాలన్నీ తీసుకోని ఇంట్లోనో బయటో ఒగ మనిషి ముందర పెట్టండి. సిగ్గుపడే పని కాదు.

తర్వాత థామస్ గ్లెన్నా వాటా కూడా కొని కంపెనీని నడిపినాడు. ఆల్టెక్ వాళ్ళు పేరు తగాదా వదల్లేదు. అందుకే 1950ల నడుమ పొడుగు పేరు పక్కనపెట్టి జేబీఎల్ అనే మూడక్షరాలు ముందుకు తెచ్చినారు. స్టిక్కరు పుట్టింది అట్ల. 1954లో గది మూలలో పెట్టే హార్ట్స్‌ఫీల్డ్, 1957లో తొమ్మిది అడుగుల దాకా పొడుగుండే పారగాన్ వచ్చినాయి. ధనవంతుల ఇండ్లల్లో ఇవి బీరువాల మాదిరి నిలబడినాయి. డీ130 రకాలు గిటారు వాయించేవాళ్ళ డబ్బాల్లోకి కూడా ఎక్కినాయి. 1969లో కంపెనీ సిడ్నీ హర్మన్ చేతికి పోయింది, 2017లో ఆ హర్మన్ సంస్థ మొత్తం శామ్‌సంగ్ కిందికి వచ్చింది. మీ జేబులో ఫోను, దానికి తగిలించుకునే స్పీకరు ఒగే గొడుగు కింద ఉండేది అందుకే.

ఈ కథంతా మా చిన్నాయన కొడుక్కు చెప్పినా. శానాసేపు మాట్లాడలేదు. వాడి కంతులు ఇంగా ఏడు నెలలు ఉండాయి. ఆ తర్వాత టౌన్లో కంప్యూటరు అంగట్లో ఆల్టెక్ లాన్సింగ్ అని చూసినాననీ, అదీ ఆయప్పదేనా అనీ అడిగినాడు. ఆయప్ప పేరే అన్నా. రెండింట్లో ఏది కొంటే మేలన్నా అన్నాడు. ఏదీ కొనద్దు, ముందు ఉన్నవాటిని గోడ నుంచి రెండడుగులు ముందుకు జరుపు, ట్వీటరు నువ్వు కూర్చుంటే చెవి ఎత్తుకు రావాల, రెండు స్పీకర్లకూ ఎర్ర తీగ ఎర్రదానికే పోయిందా చూడు అన్నా. చూస్తే ఒగదానికి తిరగేసి తగిలించినాడు. ఒగటి గాలిని ముందుకు నెడితే ఇంగొగటి వెనక్కు లాగుతాండాది. కొన్న నాటి నుంచి బేసు రాలేదని వాడు ఏడ్సింది దానికే.