సమిటియెర్: ఒక ఆటగాని రెండవ జీవితం

కవికి ముదిమి వచ్చినా కలం విడువనక్కరలేదు. గాయకుని కంఠం ఏబదియవ ఏట మరింత పరిపక్వం కావచ్చు. బంతాట ఆడేవాని గతి వేరు. ముప్పదియైదేండ్లు నిండకముందే కాళ్ళు మాట వినడం మానుకుంటాయి. నిన్న జేజేలు పలికిన జనమే నేడు మరొకని పేరు పిలుస్తుంది. మిగిలిన జీవితాన్ని ఏమి చేసుకోవాలన్నది ప్రతి క్రీడాకారునికీ ఎదురయ్యే ప్రశ్న. ఆ ప్రశ్నకు తన బ్రతుకుతో జవాబు చెప్పినవాడు స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ వీరుడు జోసెప్ సమిటియెర్.

ఆయన 1902 ఫిబ్రవరి 2న బార్సిలోనా నగరంలో జన్మించాడు. 1919లో, పదిహేడేండ్ల ప్రాయంలో, ఆ నగరం పేరనే వెలసిన క్లబ్బులో చేరాడు. ఆనాటికి స్పెయిన్‌లో ఫుట్‌బాల్ చట్టసమ్మతమైన జీతపు వృత్తి కాలేదు. జట్టులో చేరినందుకు ఆయనకు ముట్టినవి ఒక సూటు, చీకటిలో మెరిసే అంకెలుగల గడియారం మాత్రమేనని చెబుతారు. మరుసటి యేడే ఆంట్‌వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో రజతపతకం గెలిచిన స్పెయిన్ జట్టులో ఆయన కూడ ఉన్నాడు.

సమిటియెర్ స్థానం మధ్యరంగం. వెనుక రక్షించేవారికీ ముందు దాడిచేసేవారికీ నడుమ నిలిచి, బంతిని అందుకొని, ఆటను నడిపించే చోటు అది. అక్కడనుండి ముందుకు దూసుకుపోయి గోళ్ళు వేయడంలోనూ ఆయన దిట్ట. గాలిలోకి ఎగిరి బంతిని తన్నే ఆయన విన్యాసాన్ని చూచి జనం మిడత మనిషి అని ముద్దుపేరు పెట్టారు. కతలాన్ భాషలో మిడతకూ, పెద్ద సముద్రపు రొయ్యకూ పేరు ఒకటే కావడంతో ఆ పిలుపులో కొంత చమత్కారం కూడ ఉంది. చిత్రకారుడు సాల్వడోర్ డాలీ, టాంగో గాయకుడు కార్లోస్ గార్డెల్ ఆయన స్నేహితులు.

ఆ యువకులను చూడడానికి వచ్చే జనానికి క్లబ్బు పాత మైదానం చాలలేదు. 1922లో లెస్ కోర్ట్స్ అనే కొత్త క్రీడాస్థలం వెలసింది. 1920 నుండి 1928 వరకు బార్సిలోనా ఐదుమార్లు స్పానిష్ కప్పు గెలిచింది. 1929లో ముగిసిన మొట్టమొదటి జాతీయ లీగు కూడ ఆ జట్టుదే.

కీర్తి ఎంత ఎత్తుకు తీసుకుపోతుందో అంత లోతుకూ పడవేస్తుంది. క్లబ్బుతో పొసగక, 1933 నాటికి సమిటియెర్ ప్రత్యర్థియైన రియల్ మాడ్రిడ్ పక్షాన ఆడవలసి వచ్చింది. తన ఊరివారికి అది మింగుడుపడని సంగతి. కొద్దికాలానికే ఆయన ఆట విరమించాడు. 1936లో, పోటీలు సగం గడచిన తరువాత, మాడ్రిడ్‌లోని అథ్లెటిక్ క్లబ్బుకు శిక్షకుడయ్యాడు. చివరి పోటీలో సెవిల్యా చేతిలో ఆ జట్టు ఓడింది. ఆట ముగియవచ్చే వేళ లభించిన పెనాల్టీ సైతం గోలు కాలేదు. జట్టు మొదటి తరగతినుండి రెండవ తరగతికి దిగజారింది. తాను ఆడడం వేరు, ఇతరులచేత ఆడించడం వేరు అన్న పాఠం ఆయనకు ఇంత కఠినంగా అబ్బింది.

కొద్దినెలలకే, ఆ జులైలో, అంతర్యుద్ధం రగిలింది. సాయుధదళంవారు ఆయనను నిర్బంధించి, పిదప విడిచిపెట్టారు. ఆయన ఫ్రాన్స్ చేరుకొని, పాత మిత్రుడు, ప్రఖ్యాత గోల్‌కీపర్ రికార్డో సమోరాతో కలిసి నీస్ నగరపు జట్టులో ఆడాడు. అప్పుడా జట్టు ఫ్రాన్స్‌లో రెండవ తరగతిలో ఉంది. ఒకనాడు స్పెయిన్ అంతటా పేరు మోగిన మనిషి పరాయిదేశపు చిన్న మైదానాలలో మళ్ళీ బంతి తన్నడానికి సిగ్గుపడలేదు.

ఇంతలో బార్సిలోనా క్లబ్బు కూడ చితికిపోయింది. 1936లో దాని అధ్యక్షుడు జోసెప్ సున్యోల్‌ను ఫ్రాంకో సైనికులు కాల్చిచంపారు. 1938లో క్లబ్బు భవనంపై బాంబు పడింది. 1942లో జట్టు రెండవ తరగతికి జారిపోయే ప్రమాదంనుండి వెంట్రుకవాసిలో బయటపడింది. అట్టి క్లబ్బుకు 1944లో సమిటియెర్ శిక్షకుడై తిరిగి వచ్చాడు. 1945లో, రియల్ మాడ్రిడ్ కంటె ఒకే ఒక్క పాయింటు ఎక్కువ సాధించి, ఆ జట్టు లీగు గెలిచింది. తాను ఆడిన 1929 తరువాత పదునారేండ్లకు లభించిన విజయమది.

1947లో శిక్షకపదవి వీడాక, యోగ్యులైన ఆటగాండ్రను వెదకి తెచ్చే పని చేపట్టాడు. 1950లో, స్వదేశం విడిచివచ్చిన శరణార్థుల జట్టులో ఆడుతున్న లాడిస్లావ్ కుబాలా ఆయన కంటబడ్డాడు. మాడ్రిడ్‌వారూ ఆశించిన ఆ యువకుణ్ణి సమిటియెర్ బార్సిలోనాకు రప్పించాడు. కుబాలా ఆటకు జనం వెల్లువెత్తారు. లెస్ కోర్ట్స్ ఇరుకైపోయింది. 1957లో కాంప్ నౌ మైదానం తెరుచుకుంది.

మొదటి మైదానం నిండింది తన కాళ్ళ బలంతో; రెండవది నిండింది తాను గుర్తించిన మరొకని కాళ్ళ బలంతో. శిష్యుడు తనను మించిపోతే సంతోషించే గురువునకు ఈ రెండవ కీర్తి విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

1972 మే 4న సమిటియెర్ బార్సిలోనాలోనే కన్నుమూశాడు. కాంప్ నౌ చెంతనే ఒక వీథికి ఆయన పేరు పెట్టారు. కొత్త ఆటగాండ్రను చూడవచ్చే జనం ఆ వీథిమీదుగా నడుస్తారు.