ముద్దాయిల పక్షాన నిలిచిన అంబేద్కర్

రాజ్యాంగ నిర్మాతగా మనం పూజించే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోర్టులో ముద్దాయిల పక్షాన వాదించిన వకీలు కూడా.

1891 ఏప్రిల్ 14న మౌలో జన్మించిన ఆయన లండన్‌లో బారిష్టరు చదివి, 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1925లో ఆయన స్థాపించిన సభ సోలాపూర్‌లో మనలాంటి విద్యార్థుల కోసం హాస్టల్ తెరిచింది. 1926లో పుణెలో పరువు నష్టం కేసులో శిక్షపడిన బ్రాహ్మణేతర నాయకుల తరఫున అప్పీలు వాదించి, వారిని నిర్దోషులుగా విడిపించారు. కింది కోర్టు తీర్పే ఆఖరి మాట కాదని ఆ కేసు మనకు నేర్పుతుంది.

1949 సెప్టెంబరులో ఆయన రాజ్యాంగ సభలో ప్రవేశపెట్టిన నిబంధనే నేటి 22వ అధికరణ. నేరం మోపి అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. కోరుకున్న వకీలును కలవనివ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ముద్దాయిని బలవంతపెట్టరాదని 20వ అధికరణ అంటుంది.

1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

మిత్రులారా! కేసు పడగానే మన ఊళ్లలో పెద్దలు భయపడి, చదవకుండానే కాగితాల మీద వేలిముద్రలు వేస్తారు. ఆ కాగితం చదివి చెప్పాల్సింది మనమే. కేసు పడినంత మాత్రాన దోషి కాదని, నేరం రుజువు చేసే బాధ్యత సాధారణంగా ప్రాసిక్యూషన్‌దేనని ధైర్యం చెబుదాం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా వకీలు దొరుకుతారని తెలియజేద్దాం. అదే ఆయనకు మనమిచ్చే నివాళి.