తీరం చేరని నావ – బాబా గురుదిత్ సింగ్

ఏ దేశమైనా తన సరిహద్దులను కాపాడుకొనడం సహజమే. అయితే ఆ సరిహద్దు ముందు నిలిచిన మానవునికి తన మొర వినిపించుకొనే హక్కు ఉన్నదా? ఈ ప్రశ్నను తన జీవితమే పణంగా పెట్టి చరిత్ర ముందుంచిన ధీరుడు బాబా గురుదిత్ సింగ్.

ఆయన 1860లో పంజాబు దేశమందలి అమృతసర్ జిల్లా సర్హాలీ గ్రామంలో ఒక సిక్కు కుటుంబంలో జన్మించారు. బాల్యంలో పాఠశాల చదువు సాగలేదు. యౌవనంలో మలయా, సింగపూరు ప్రాంతాలకు వెళ్లి గుత్తేదారుగా ధనమూ, గౌరవమూ సంపాదించారు. 1914 ఆరంభంలో హాంకాంగుకు వెళ్లిన ఆయనకు అక్కడి గురుద్వారాలో ఒక దయనీయ దృశ్యం కనబడింది. కెనడాకు పోగోరి, ఏ ఓడ కంపెనీ టిక్కెట్టు ఇవ్వక, నెలల తరబడి పడిగాపులు కాస్తున్న స్వదేశీయులు వారు.

ఆ దుస్థితికి కారణం 1908లో కెనడా ప్రభుత్వం చేసిన నిబంధన. వలస వచ్చేవారు తమ దేశం నుండి ఎక్కడా ఓడ మారక, ఒకే ప్రయాణంగా రావాలన్నది దాని సారాంశం. భారతదేశం నుండి కెనడాకు నేరుగా పోయే ఓడ ఒక్కటీ లేదు. పైగా ఆసియా వాసుల చేతిలో 200 డాలర్లు ఉండాలన్నారు. నిబంధనలో భారతీయుడన్న మాట లేదు. కాని భారతీయునికే తలుపు మూసుకుపోయింది. 1913 నవంబరులో అక్కడి న్యాయస్థానం ఆ ఉత్తరువులలో లోపాలెంచి కొందరు భారతీయులను దిగనిచ్చింది. ప్రభుత్వం 1914 జనవరిలోనే ఆ లోపాలను సవరించుకొన్నది.

గురుదిత్ సింగ్ కొమగాటమారు అనే జపాను ఓడను అద్దెకు తీసుకొన్నారు. లాభాపేక్ష ఆయనకు లేకపోలేదు. కాని బ్రిటిషు సామ్రాజ్య ప్రజకు ఆ సామ్రాజ్యంలో ఎక్కడికైనా పోయే హక్కు ఉన్నదో లేదో తేల్చుకోవాలన్న పట్టుదల అంతకు మించినది. ఏప్రిల్ 4న హాంకాంగులో బయలుదేరిన ఓడలో, దారిలో షాంఘై, మోజీ, యోకోహామా రేవులలో ఎక్కినవారితో కలిపి 376 మంది ప్రయాణికులైనారు. వారిలో 340 మంది సిక్కులు, 24 మంది ముస్లిములు, 12 మంది హిందువులు.

మే 23న ఓడ వాంకూవరు చేరింది. పూర్వం అక్కడ నివసించి తిరిగి వచ్చిన కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనీయలేదు. రెండు మాసాలు వారు తీరాన్ని చూస్తూ, అన్నపానాలకు అలమటిస్తూ నీటి మీదనే ఉన్నారు. ఒడ్డున ఉన్న భారతీయులు చందాలు పోగుచేసి అద్దె బాకీ చెల్లించారు. మున్షీ సింగ్ అనే ప్రయాణికుని పేర వ్యాజ్యం నడిచింది. వలస శాఖ నిర్ణయాలలో తాము జోక్యం చేసుకొనజాలమని జూలై 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. జూలై 19న పోలీసులు చిన్న ఓడలో వచ్చి పైకెక్కబోగా, ప్రయాణికులు బొగ్గు పెళ్లలు రువ్వి తిప్పికొట్టారు. చివరకు యుద్ధనౌక ఫిరంగుల నీడలో జూలై 23న కొమగాటమారు వెనుదిరిగింది.

ఓడ తిరుగు ప్రయాణంలో ఉండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రాజ్య భద్రత పేరిట భారత ప్రభుత్వం 1914 సెప్టెంబరు 5న ఒక ఆర్డినెన్సు చేసింది. విదేశాల నుండి వచ్చే ఎవరినైనా, నేరం మోపకయే, నిర్బంధించే అధికారం దానివల్ల లభించింది. సెప్టెంబరు 29న కలకత్తా సమీపాన బజ్‌బజ్ రేవులో దిగినవారిని ప్రత్యేక రైలులో పంజాబుకు తరలించబూనారు. చాలామంది ఒప్పుకొనక, గురుగ్రంథ సాహెబును ముందుంచుకొని కలకత్తా వైపు నడక సాగించారు. సైనికులు వారిని మళ్లించి తెచ్చారు. రైల్వే స్టేషను వద్ద చెలరేగిన ఘర్షణలో, కాల్పులలో సుమారు ఇరవైమంది ప్రయాణికులు మరణించారు. పరదేశం పొమ్మన్నది, స్వదేశం అనుమానించింది.

ఆ చీకటిలో తప్పించుకొన్న గురుదిత్ సింగ్ ఏడేండ్లు అజ్ఞాతవాసం చేశారు. ఆయన వాంగ్మూలం లేకుండానే ప్రభుత్వ విచారణ సంఘం దోషాన్ని ఆయన మీద, ప్రయాణికుల మీద మోపింది. 1921 నవంబరులో, గాంధీజీ సలహాపై, నన్‌కానా సాహెబులో వేలాది ప్రజల సమక్షాన ఆయన స్వయంగా లొంగిపోయారు. కారాగారవాసం అనుభవించారు. సంపద హరించిపోయింది; పట్టుదల హరించలేదు. ఓడ కథను తామే గ్రంథంగా రచించారు.

1947లో కెనడా ఆ నిబంధనను రద్దు చేసింది. 1952లో బజ్‌బజ్‌లో మృతుల స్మారకాన్ని ప్రధాని నెహ్రూ ఆవిష్కరించారు. 1954 జూలై 24న గురుదిత్ సింగ్ దివంగతులైనారు. 2016 మే 18న కెనడా ప్రధాని తమ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ మాట వినడానికి ఆ ఓడ నాయకుడు జీవించి లేరు.

విద్యార్థి మిత్రులారా! రాజ్యానికి భద్రత అవసరం, చట్టమూ అవసరం. కాని ఎవరి పేరూ చెప్పకుండానే ఒకరి కోసమే అల్లిన చట్టాన్ని గుర్తుపట్టగల చూపు మనకు ఉండాలి. నేరం రుజువు కాకముందే శిక్ష పడుతున్న చోట, కనీసం అతని మాట వినండి అని చెప్పగల గొంతు ఉండాలి. వాంకూవరు తీరాన నాడు కరువైనది ఆ వినికిడియే. నూరేండ్ల తరువాతి క్షమాపణ గొప్పదే. కాని సకాలంలో జరిగే ఒక్క న్యాయవిచారణ దానికంటె గొప్పది.