హారీ ఫెర్గూసన్ – యంత్రానికి తెలివి నేర్పిన రైతు బిడ్డ

సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ట్రాక్టర్ దున్నుతుంటే గట్టు మీద నిలబడి చూడనివాళ్లం మనలో ఎవరూ ఉండము. మనలో కొందరి నాన్నలు, అన్నలు ట్రాక్టర్ డ్రైవర్లు కూడా. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ తయారుచేసిన ట్రాక్టర్ల మీద మాస్సీ ఫెర్గూసన్ అనే పేరు చూసే ఉంటారు. ఆ పేరులోని ఫెర్గూసన్ ఒక రైతు కొడుకని మాకు చాలాకాలం తెలియదు. తెలిశాక ఆయన జీవితం మిత్రులందరికీ చెప్పాలనిపించింది.

హారీ ఫెర్గూసన్ 1884 నవంబర్ 4న ఐర్లండ్‌లోని డ్రోమోర్ పట్టణం దగ్గర గ్రోవెల్ అనే పల్లెలో పుట్టారు. తండ్రిది వ్యవసాయం. ఇంటినిండా పిల్లలు. హారీ చిన్న వయసులోనే చదువు మానేసి పొలం పనిలో దిగారు. ఆ పని ఆయనకు నచ్చలేదు. 1902లో బెల్‌ఫాస్ట్ నగరం వెళ్లి అన్న నడిపే సైకిళ్లు, కార్ల రిపేరు షాపులో చేరారు. అక్కడే సొంతంగా ఒక విమానం తయారుచేసి 1909 డిసెంబర్ 31న గాలిలోకి లేచారు. ఐర్లండ్‌లో ఇంజన్ విమానం ఎగరడం అదే మొదటిసారి. ఎగిరింది సుమారు 130 గజాలే అయినా ఆయన పేరు నలుగురికీ తెలిసింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో తిండిగింజల కొరత వచ్చింది. ట్రాక్టర్లతో మెరుగ్గా దున్నించే మార్గం చూడమని 1917లో ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. అప్పట్లో నాగలిని ట్రాక్టర్ వెనుక బండిలా కట్టి లాగించేవారు. నాగలి రాయికి తగిలి ఆగిపోతే ట్రాక్టర్ ముందు భాగం పైకి లేచి వెనక్కి తిరగబడేది. డ్రైవర్ కింద పడి నలిగిపోయేవాడు. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల ట్రాక్టర్‌కు బిగించారు. దాంతో నాగలి మీద పడే బరువు ముందు చక్రాలను పైకి లేపకుండా నేలకు అదిమిపెట్టేది. నేల గట్టిపడి లాగుడు ఎక్కువైతే ఆ సంగతి యంత్రమే గ్రహించి, హైడ్రాలిక్ ద్వారా నాగలిని కాస్త పైకెత్తేది. డ్రైవర్ చెయ్యి వేయనక్కరలేదు. నేటికీ ట్రాక్టర్ వెనుక మనం చూసే మూడు కడ్డీల అమరిక ఇదే.

1938లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్‌తో రాతకోతలు లేకుండా, చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నారు. లక్షల ట్రాక్టర్లు తయారయ్యాయి. ఫోర్డ్ మనవడి కాలంలో ఆ ఒప్పందం చెల్లదన్నారు. ఫెర్గూసన్ 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశారు. 1952లో చేతికి వచ్చింది 92 లక్షల 50 వేల డాలర్లు. మాట ఎంత గట్టిదైనా కాగితం మీద పెట్టుకోవాలని మేము ఇక్కడ నేర్చుకున్నాము. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో తయారైన ఆయన చిన్న ట్రాక్టర్లు మొత్తం 5 లక్షలు దాటాయి. 1958 జనవరిలో ఎడ్మండ్ హిల్లరీ బృందం అవే ట్రాక్టర్ల మీద దక్షిణ ధ్రువం చేరింది.

ముసలితనంలో ఆయన దృష్టి కార్ల మీదికి మళ్లింది. తడి రోడ్డు మీద కారు జారి మనుషులు చనిపోకూడదన్నది ఆయన కోరిక. అందుకు నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందాలి. కానీ అందులో ఒక చిక్కు ఉంది. ఉదయం డ్రిల్లులో వరుస మలుపు తిరిగేటప్పుడు బయటివైపు కుర్రవాడు పెద్ద అడుగులు వేయాలి. లోపలివాడితో కాళ్లు కట్టేస్తే ఇద్దరూ పడిపోతారు. బండి మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. రెంటినీ గట్టిగా కలిపేస్తే పొడి రోడ్డు మీద చక్రాలు ఈడ్చుకుపోతాయి, గేర్లు పాడవుతాయి. విడిగా తిరగనిస్తే బురదలో పడ్డ చక్రాలే ఊరికే తిరిగి శక్తినంతా తినేస్తాయి. కారు పందేల్లో పేరుపొందిన ఫ్రెడ్డీ డిక్సన్, టోనీ రోల్ట్‌లతో కలిసి ఫెర్గూసన్ మధ్య మార్గం వెతికారు. మలుపుకు సరిపడా తేడాను వదిలేసి, తేడా అంతకు మించితే దానంతట అదే బిగుసుకునే అమరిక అది.

కార్ల కంపెనీలు ముందుకు రాలేదు. 1960 అక్టోబర్ 25న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఆయన సంస్థ తయారుచేసిన నాలుగు చక్రాల డ్రైవ్ పందెం కారుతో స్టిర్లింగ్ మాస్ ఇంగ్లండ్‌లోని ఓల్టన్ పార్క్ పందెం గెలిచారు. 1966లో జెన్సెన్ కంపెనీ అదే పద్ధతితో కారును అమ్మకానికి తెచ్చింది.

నేటి పికప్ ట్రక్కుల్లో కంప్యూటర్ వచ్చినా ఆలోచన అదే. ఆటో అన్నచోట మీట తిప్పితే మామూలుగా వెనుక చక్రాలే ఎక్కువగా లాగుతాయి. ప్రతి చక్రం వేగాన్నీ సెన్సర్లు కొలుస్తుంటాయి. వెనుక చక్రాలు జారి వేగంగా తిరిగితే కంప్యూటర్ క్షణంలో క్లచ్ ప్లేట్లను బిగించి ముందు చక్రాలకు శక్తి పంపుతుంది. పట్టు దొరకగానే వదులు చేస్తుంది. అయితే ఇది కదలడానికే సాయం. బ్రేకు వేస్తే బండి తొందరగా ఆగదు. అలాగే ట్రాక్టర్ గట్టు మీద నుంచి పక్కకు ఒరిగే ప్రమాదాన్ని ఆయన మూడు కడ్డీలు ఆపలేవు. డ్రైవింగ్ చేసే మన అన్నలు ఈ రెండూ మరవరాదు.

చక్రం జారినా, నాగలి తగిలినా, ముందుగా యంత్రమే గుర్తించాలి, మనిషి బతకాలి అన్నదే ఆయన జీవితమంతటి సారాంశం. పల్లెలో అందరూ రోజూ చూసే ప్రమాదాన్ని ఆయన తలరాత అనుకోలేదు, లెక్కలాగా విప్పారు. ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు వెళ్లబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన పొలాల్లో ఇంకా విప్పని లెక్కలు చాలా ఉన్నాయి. వాటిని మనకన్నా దగ్గరగా చూసినవాళ్లు లేరు.