కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు గారు

ఏనుగును ఱొమ్మున మోసిన వీరుడనగానే కోడి రామమూర్తి నాయుడుగారు జ్ఞప్తికి వత్తురు. ఏనుగును తలంచి, దానికి ముందు గడచిన సాధనను మఱచుట మనకు వాడుకయైనది. మేమా సాధనను గూర్చియే వ్రాయుచున్నాము.

నాయుడుగారు 1882లో, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున జన్మించిరి. బాల్యముననే తల్లి గతించెను. అల్లరి మిక్కుటమగుటచే తండ్రి వెంకన్నగారు వీరిని విజయనగరమున తమ్ముడు నారాయణస్వామిగారి యొద్దకు పంపిరి. అచ్చట చదువుకంటె తాలింఖానాయే బాలునకు రుచించెను. పిమ్మట మద్రాసు సైదాపేటలో ఒక యేడు శిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి. మిత్రులు పొట్టి పంతులుగారితో గూడి సర్కసు నెలకొల్పిరి.

ఊపిరి బిగించి, ఱొమ్ము పొంగించి, దానికి చుట్టిన ఇనుపగొలుసును తెంచెడివారు. రెండు మోటారుకార్లను గొలుసులతో భుజములకు కట్టించుకొని కదలనీయకుండెడివారు. వీరు శాకాహారులు. మాంసము లేనిదే బలము లేదను వారికి ఇంతకంటె సమాధానమేల? ఇందు మంత్రమేమియు లేదు. ప్రాణాయామము, నిత్యసాధన, క్రమవృద్ధియే కలవు.

ఆ క్రమవృద్ధియే వ్యాయామమునకు మూలము. గ్రీసు దేశపు మైలో అను మల్లుడు లేగదూడను దినదినము మోసి, తుదకు ఎద్దునే మోసెనని కథ. కండ తాను మోయుదానికంటె కొంచెమధికమైన బరువునకు లోనై, విశ్రాంతిలో పుంజుకొనును. ఒక్కనాడే అధికము మోసిన బెణకును, మానివేసిన సన్నగిల్లును. తొలియేండ్లలో అంటుమామిడి పూతను త్రుంచివేయు మన నూజివీటి రైతునకు ఈ ఓర్పును మేము నేర్పనక్కఱలేదు.

కాని తోటలో గంపలెత్తు కూలివాని భుజములను, అరుగుపై లెక్కలు చూచుకొను యజమానుని భుజములను పోల్చి చూడుడు! ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు విధించినది వారమునకు కనీసము 150 నిమిషముల చుఱుకైన నడక వంటి శ్రమ, రెండు దినములు కండలకు పని. ఆ నడకకు తోటచుట్టు వేకువనే తిరిగిన చాలును. విద్యార్థులకు పుస్తకములిచ్చు మన దాతలు ఒక తాలింఖానాకు స్థలమిచ్చినచో పిల్లలు ఋణపడియుందురు.

నాయుడుగారి తుదిదినములు దుఃఖకరములు. కాలికి లేచిన వ్రణముచే ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు నొల్లక, ప్రాణాయామబలముననే ఆ కోతను సహించిరని చెప్పుదురు. 1942 జనవరి 16వ తేదీన ఒరిస్సాలోని బలాంగీరున కన్నుమూసిరి. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు వారి పేరు పెట్టియున్నారు.